టెన్నిస్ రాకెట్ కొనేముందు ఆడి చూడడం ఎలా: నెల్లూరు, ఒంగోలు ఆటగాళ్లకు ఒక మార్గదర్శి

మూడేళ్ల కిందట నేనొక రాకెట్ కొన్నాను. మా కోర్టుకు వచ్చే మిత్రుడి చేతిలో ఆ మోడల్ చూసి, ఆట ముగిశాక అడిగి తీసుకుని, పది నిమిషాల పాటు నాలుగు ఫోర్‌హ్యాండ్లు, రెండు సర్వీసులు కొట్టి, బంతి ఎంత హాయిగా వెళుతోందోనని మురిసిపోయి, ఆ రాత్రే ఫోనులో ఆర్డరు పెట్టాను. ఐదో రోజున ఇంటికొచ్చిన రాకెట్ రంగులోనూ, పేరులోనూ, తూకంలోనూ అచ్చం మిత్రుడిదే. కోర్టులో దిగాక మాత్రం బంతి చెక్కకు తగిలినట్టు తగిలేది. నెల తిరక్కుండానే కుడి మోచేతి బయటివైపు నొప్పి మొదలై, చెంబుతో నీళ్లు పోసుకోవడం కూడా కష్టమైంది. తప్పు ఫ్రేముది, అంటే తీగలు లేని రాకెట్ చట్రానిది, కాదని తెలుసుకోవడానికి మరో రెండు నెలలు పట్టింది. మిత్రుడి రాకెట్‌కు మెత్తటి మల్టీఫిలమెంట్ (సన్నని పోగులు కలిపి చేసిన) గట్టింగ్, అంటే తలలో బిగించే తీగల అల్లిక, 50 పౌండ్ల బిగువుతో ఉంది. నాకు పంపిన దుకాణం వారు గట్టి పాలియెస్టర్‌ను 58 పౌండ్లకు బిగించి పంపారు. ఆ పది నిమిషాల్లో నేను పరీక్షించింది గట్టింగ్‌ను, పదిహేను వేలు పోసి కొన్నది ఫ్రేమును.

రాకెట్ ఆడి చూడడంలో ఉన్న చిక్కంతా ఇదే. చేతికి తెలిసే అనుభూతి ఫ్రేము ఒక్కదానిది కాదు. గట్టింగ్, పిడి మందం, బంతుల వయసు, ఆనాటి ఎండ, మన ఒంటి ఓపిక, అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. ఫ్రేము గురించి ఏదైనా తెలియాలంటే మిగిలినవన్నీ వీలైనంత వరకు ఒకే తీరుగా ఉంచాలి. కింద రాసినదంతా ఆ పని చేసే పద్ధతే. దీనికి మూడు ఉదయాలు, ఒక నోటు పుస్తకం, గట్టింగ్ ఖర్చు చాలు.

ముందు మీ చేతిలో ఉన్నదాన్ని కొలవండి

కొత్త రాకెట్ గురించి ఆలోచించే ముందు, పాతదానితో మీ ఫిర్యాదు ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. "బ్యాక్‌హ్యాండ్ లోతుగా పడడం లేదు", "రెండో సెట్‌కు భుజం లాగుతోంది", "వాలీలో (బంతి నేల తాకకముందే కొట్టేటప్పుడు) రాకెట్ చేతిలో తిరిగిపోతోంది" వంటి మాటలైతే పనికొస్తాయి. "పాతబడింది" అన్నది ఫిర్యాదు కాదు. గట్టింగ్ మార్చి ఏడాది దాటి ఉంటే మొదట అది మార్పించి రెండు వారాలు ఆడండి. కొందరి విషయంలో కథ అక్కడే ముగుస్తుంది. మా కోర్టులో మార్కర్‌గా, అంటే వచ్చినవారితో ఆడించే ఉద్యోగిగా, పనిచేసే పెద్దాయన ఒకరున్నారు. కొత్త రాకెట్ సంగతి ఎవరు ఎత్తినా ఆయన అడిగేది ఒకటే: "రాకెట్ సంగతి సరే సార్, గట్టింగ్ ఎప్పుడు మార్చినారు?"

తర్వాత తూకం. వంటింటి డిజిటల్ కాటా చాలు. లేకపోతే తెలిసిన నగల దుకాణంలో అడగండి. బంగారం తూచే కాటా మీద రాకెట్ పెడితే నవ్వుతారేమో గాని కాదనరు. ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. కంపెనీలు చెప్పే బరువు సాధారణంగా గట్టింగ్ లేని ఫ్రేము బరువు. 300 గ్రాములని రాసి ఉన్న రాకెట్, గట్టింగ్ వేశాక 316 నుంచి 318 గ్రాములు తూగుతుంది. ఓవర్‌గ్రిప్ (పిడి మీద చుట్టే పలుచని పట్టీ) చుడితే మరో ఐదు గ్రాములు, డ్యాంపెనర్ (తీగల అదురు తగ్గించే చిన్న రబ్బరు ముక్క) పెడితే రెండు మూడు గ్రాములు చేరతాయి. కాటా 325 చూపిందని దుకాణదారును తిట్టుకోనక్కరలేదు. పోల్చేటప్పుడు మాత్రం రెండూ గట్టింగ్‌తో ఉన్నవో, రెండూ లేనివో చూసుకుని పోల్చాలి.

బరువు కంటే ముఖ్యమైనది ఆ బరువు ఎక్కడ ఉందన్నది. రెండు లావుపాటి పుస్తకాల మధ్య ఒక స్టీలు స్కేలును అంచు పైకి వచ్చేలా నిలబెట్టండి. దాని మీద రాకెట్‌ను అడ్డంగా, గట్టింగ్ ఆకాశం వైపు ఉండేలా ఆనించి, ఏ వైపూ ఒరగకుండా నిలిచే చోటు దొరికే దాకా అటూ ఇటూ జరపండి. ఆ చోట పెన్సిలుతో చిన్న గీత పెట్టి, పిడి చివర నుంచి గీత దాకా టేపుతో కొలవండి. మామూలు రాకెట్ పొడవు 27 అంగుళాలు, అంటే 68.6 సెంటీమీటర్లు; దాని నడిమధ్య 34.3 దగ్గర ఉంటుంది. మీ గీత 32 సెంటీమీటర్ల దగ్గర పడితే బరువు పిడి వైపు ఉందని, 34.3 దాటితే తల వైపు ఉందని అర్థం. ఒకే తూకం ఉన్న రెండు రాకెట్లలో ఒకటి విసనకర్రలా, మరొకటి సమ్మెటలా అనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం. ఊపినప్పుడు చేతికి తెలిసే బరువును స్వింగ్ వెయిట్ అంటారు. దాన్ని కొలవడానికి యంత్రం కావాలి గాని, తూకం, ఈ గీత రెండూ తెలిస్తే మన అవసరానికి సరిపోతుంది.

ఆడి చూడడానికి రాకెట్ ఎక్కడ దొరుకుతుంది

నెల్లూరులో నేను తిరిగిన క్రీడా సామగ్రి దుకాణాల్లో క్రికెట్ బ్యాట్లు, షటిల్ రాకెట్లు గోడ నిండా ఉంటాయి. టెన్నిస్ రాకెట్లు ప్లాస్టిక్ కవర్లలో ఒక మూల వేలాడుతుంటాయి. వాటిని దుకాణం నడవలో గాలిలో ఊపి చూడడం తప్ప, కోర్టుకు తీసుకుపోయి ఆడి తెస్తామంటే ఎవరూ ఒప్పుకోలేదు. గాలిలో ఊపితే ఏదైనా బాగానే ఉంటుంది. అందుచేత మనకు అసలైన దారి తోటి ఆటగాళ్లే. కావలి, ఒంగోలు, గూడూరు నుంచి కూడా టోర్నమెంట్లకు వచ్చేవాళ్లుంటారు. వాట్సాప్ గ్రూపులో ఫలానా మోడల్ ఎవరి దగ్గరైనా ఉందా అని ఒక్క మాట అడిగితే, తరచూ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

చెన్నై నెల్లూరుకు దాదాపు 175 కిలోమీటర్లే కాబట్టి అక్కడికి వెళ్లి చూసి వద్దామనే ఆలోచన సహజం. వెళ్లేముందు ఫోను చేసి, కోర్టులో ఆడి చూడనిస్తారా, ఎన్ని రోజులు ఇస్తారు, డిపాజిట్ ఎంత అని స్పష్టంగా అడగండి. ఉదయం పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మధ్యాహ్నానికి దిగి, ఆ ఎండలో, తెలియని కోర్టులో, ఖాళీ కడుపుతో కొట్టిన ఇరవై బంతులు పరీక్ష కిందికి రావు.

ఏ రాకెట్లు అడగాలన్నది మీ ఫిర్యాదును బట్టి ఉంటుంది. బంతి లోతుగా పడడం లేదనేవారికి, నడుమన తగలని బంతులు ఎక్కువగా ఉన్నవారికి 100 చదరపు అంగుళాలు, ఆ పైన ఉన్న హెడ్ సైజు (గట్ అల్లిన తల వైశాల్యం) సాయం చేస్తుంది. బంతి బయటికి పోతోందనేవారు 98 వైపు చూడవచ్చు. 16×19 గట్ అల్లిక (16 నిలువు, 19 అడ్డు తీగలు) స్పిన్‌కు అనుకూలం, కానీ గట్ త్వరగా తెగుతుంది. 18×20 అల్లికలో బంతి దిశ బాగా అదుపులో ఉంటుంది. ఒకేసారి రెండు, మహా అయితే మూడు రాకెట్లు చాలు. అంతకంటే ఎక్కువైతే ఏది ఎలా ఉందో గుర్తుండదు.

పేరు ఒక్కటే చూసి తెచ్చుకోవద్దు. బాబోలాట్ ప్యూర్ డ్రైవ్ 300 గ్రాములు, అదే పేరున్న టీమ్ 285, లైట్ 270. దూరం నుంచి మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. విల్సన్ బ్లేడ్ 98 రెండు అల్లికల్లో వస్తుంది. అటువైపు ప్యూర్ డ్రైవ్, యోనెక్స్ ఈజోన్ 100, హెడ్ స్పీడ్ ఎంపీ మూడూ కాగితం మీద 100 చదరపు అంగుళాలు, 300 గ్రాములు, 16×19. చేతిలో మాత్రం మూడు వేర్వేరు మనుషుల్లా ప్రవర్తిస్తాయి. ఫ్రేము లోపలివైపు, పిడికి పైన ఉండే చిన్న అక్షరాలు చదివి నోటు పుస్తకంలో రాసుకోండి. టీవీలో పెద్ద ఆటగాడి చేతిలో కనిపించిందని ఎంచుకునేవారికి ఒక మాట: చాలామంది ప్రొఫెషనల్ ఆటగాళ్ల రాకెట్లకు బరువులు అతికించి, వారి కోసమే సరిచేసి ఇస్తారు, పైన రంగు మాత్రమే కొత్త మోడల్‌ది అయిన సందర్భాలూ ఉన్నాయి.

గట్టింగ్, పిడి

రాకెట్ ఇచ్చినవారిని మూడు ప్రశ్నలు అడగండి: ఏ గట్, ఎన్ని పౌండ్లు, వేసి ఎన్నాళ్లయింది. బిగువు తగ్గితే బంతి దూరం పోతుంది, పెరిగితే దగ్గర పడుతుంది. పాలియెస్టర్ గట్ తెగకుండా నెలల తరబడి నిలుస్తుంది గాని, దాని సాగుడు గుణం చాలా ముందే చచ్చిపోతుంది. అలాంటి రాకెట్‌తో ఆడి "ఈ ఫ్రేములో ప్రాణం లేదు" అంటే పాపం ఫ్రేము ఏం చేస్తుంది? నిలువు గట్‌ను వేలితో పక్కకు జరిపి, అడ్డు గట్ కింద గాట్లు లోతుగా పడ్డాయేమో చూడండి.

అన్నిటికంటే మంచి పద్ధతి, యజమాని అనుమతితో, మీ పాత రాకెట్‌కూ దీనికీ ఒకే గట్, ఒకే బిగువుతో, ఒకే మనిషి దగ్గర, ఒకే రోజు గట్టింగ్ వేయించడం. ఒకే మనిషి దగ్గర అని ఎందుకు చెబుతున్నానంటే, ఒక యంత్రం మీద 54 పౌండ్లు, మరో యంత్రం మీద 54 పౌండ్లు చేతికి ఒకటిగా ఉండవు. ఏది వేయించాలో తేల్చుకోలేకపోతే రెండిటికీ సింథటిక్ గట్ 54 పౌండ్ల దగ్గర వేయించండి. మోచేతికీ మంచిది, ధరకూ మంచిది. పదిహేను, ఇరవై వేల వస్తువును తెలుసుకోవడానికి కొన్ని వందలు ఖర్చు పెట్టడం దండగ అనుకునేవారిని నేను మార్చలేను. ఎందుకంటే, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

ఇక పిడి. రాకెట్ పట్టుకున్నప్పుడు వేళ్ల కొనలకూ, బొటనవేలి కింది కండకూ మధ్య ఖాళీలో రెండో చేతి చూపుడువేలు సరిగ్గా పట్టాలి. పట్టకపోతే పిడి సన్నం, వదులుగా ఉంటే లావు. మన మార్కెట్లో ఎల్2, అంటే 4¼ అంగుళాల చుట్టుకొలత, ఎల్3, అంటే 4⅜ అంగుళాలు ఎక్కువగా దొరుకుతాయి. సన్నగా ఉంటే ఓవర్‌గ్రిప్ చుట్టి సగం సైజు పెంచుకోవచ్చు. లావుగా ఉన్నదాన్ని తగ్గించడం మాత్రం కష్టం. మన ఉక్కపోతలో ఓవర్‌గ్రిప్ లేకుండా ఆడేవారు తక్కువ కాబట్టి, పరీక్షకు ముందు రెండు రాకెట్లకూ ఒకే రకం కొత్త ఓవర్‌గ్రిప్ చుట్టి మొదలుపెట్టండి. చెమట పట్టి జారే పిడిని గట్టిగా బిగబట్టినప్పుడు ముంజేయి అలసిపోతుంది, ఆ అలసట రాకెట్ ఖాతాలో పడుతుంది.

మొదటి ఉదయం

ఆరు గంటలకల్లా కోర్టులో ఉండండి. రోహిణి కార్తెలో తొమ్మిదింటికి బంతి ఎగిరే ఎత్తు వేరు, అక్టోబరు, నవంబరు వానల తర్వాత తడి బంతి బరువు వేరు. ఒక రాకెట్‌ను మేలోనూ, మరొకదాన్ని వానల్లోనూ ఆడి పోల్చితే మీరు పోల్చింది కార్తెలను. కొత్త బంతుల డబ్బా ఒకటి తెరిచి, రెండు రాకెట్లకూ అవే వాడండి.

మొదట కొత్తదాన్ని ముట్టుకోవద్దు. పదిహేను నిమిషాలు పాత రాకెట్‌తోనే నాకింగ్ చేసి ఒళ్లు వేడెక్కనివ్వండి. తర్వాత కొత్తదానితో సర్వీస్ గీత దగ్గర నిలబడి మెల్లగా ఆడుతూ, అక్కడి నుంచి బేస్‌లైన్‌కు (కోర్టు చివరి గీతకు) జరగండి. మొదటి ఇరవై నిమిషాల్లో ఏ తీర్పూ వద్దు. శక్తి ఎక్కువున్న రాకెట్‌తో మొదటి పది బంతులు కంచెకు తగలడం మామూలే. చేయి దానికదే ఊపు సరిచేసుకుంటుంది. ఆ సర్దుబాటు తర్వాత కూడా బంతి బయటికే పోతుంటే అప్పుడు రాసుకోండి.

ఇప్పుడు లెక్క. సర్వీస్ గీతకూ బేస్‌లైన్‌కూ మధ్య 18 అడుగుల మేర ఉంటుంది. మార్కర్‌ను క్రాస్‌కోర్ట్ (కోర్టుకు ఐమూలగా కొట్టే) ఫోర్‌హ్యాండ్‌కు ఒకే వేగంతో 20 బంతులు వేయమని అడిగి, ఆ 18 అడుగుల్లో ఎన్ని పడ్డాయో లెక్కించండి. బ్యాక్‌హ్యాండ్‌కు మరో 20. తర్వాత పాత రాకెట్‌తో ఇదే. మళ్లీ కొత్తదానితో ఇదే. ఇలా మార్చి మార్చి ఆడడమే ప్రాణం. వరసగా గంటసేపు కొత్తదానితోనే ఆడితే పాతది ఎలా ఉండేదో మనసు తనకు నచ్చినట్టు కల్పించుకుంటుంది. అవతలివైపు నిలబడిన మనిషిని కూడా అడగండి. నా రెండో ప్రయత్నంలో, నాకు ఎంతో హుషారుగా అనిపించిన రాకెట్ గురించి మా మార్కర్ తల అడ్డంగా ఊపి, "మీకు చప్పుడు బాగుంది సార్, నాకు బంతి నడుం దాకా కూడా లేవడం లా" అన్నారు. అంకెలు చూస్తే ఆయన చెప్పిందే నిజం: 20లో పాతదానితో 12, కొత్తదానితో 8.

వాలీలు, సర్వీసు తీసుకోవడం ఈ రెండిటినీ ఎక్కువమంది వదిలేస్తారు. మన క్లబ్బుల్లో నలభై దాటినవారు ఆడేది ప్రధానంగా డబుల్స్. డబుల్స్‌లో పాయింటు నడిచేది ఆ రెండిటి మీదే. వల దగ్గర నిలబడి చేయి చాచి అందుకునే వాలీల్లో రాకెట్ పక్కకు తిరిగిపోతోందా, నిలుస్తోందా చూడండి. ఎవరైనా గట్టి సర్వీసు చేసేవారిని బతిమాలి, 15 సర్వీసులు తీసుకోండి. రాకెట్ మీకు బరువైనదైతే మొదట బయటపడేది అక్కడే. బంతి ఒంటికి దగ్గరగా వచ్చేసరికి రాకెట్ ఇంకా వెనకే ఉంటుంది. మీ సర్వీసులు చివరికి, ఒక్కో సర్వీసు బాక్సుకు పది.

రెండో, మూడో ఉదయాలు

రెండో రోజు పరీక్ష కోర్టులో కాదు, మంచం మీద మొదలవుతుంది. లేవగానే అరచేయి కిందికి పెట్టి నీళ్ల చెంబును అంచు పట్టుకుని ఎత్తి చూడండి. మోచేతి బయటి ఎముక దగ్గర చురుక్కుమంటే, ఆ గట్టింగ్‌తో ఆ ఫ్రేము మీకు గట్టిదని అనుమానించాలి. ఒకరోజు ఆపి, బిగువు నాలుగు పౌండ్లు తగ్గించి చూసినా నొప్పి వస్తే, ఎన్ని విన్నర్లు కొట్టినా ఆ రాకెట్‌ను యజమానికి ఇచ్చేయండి. భుజం నొప్పి బరువు సంగతి, మోచేతి నొప్పి బిరుసు సంగతి అన్నది నా అనుభవం. వైద్య సలహా కాదు.

ఆ రోజు లెక్కలు వద్దు, కొత్తదానితోనే రెండు సెట్లు పోటీగా ఆడండి. నాకింగ్‌లో రాజులా ఉన్న రాకెట్ ఒక్క పాయింటు పోతే గేమే పోయే 30-40 దగ్గర రెండో సర్వీసులో ఎలా ఉందన్నది అసలు ప్రశ్న. రెండో సెట్ చివర, చొక్కా తడిసి ముద్దయ్యాక, ఊపు పొట్టిదవుతోందా గమనించండి. మూడో ఉదయం మళ్లీ మొదటి రోజు లెక్కలే చేయండి. అంకెలు మొదటి రోజుకు దగ్గరగా ఉంటే నమ్మవచ్చు. బాగా మారితే మరో ఉదయం కావాలి.

ఈ ఓపిక ఎందుకని విసుగనిపిస్తే రోజర్ ఫెదరర్‌ను తలచుకోండి. ఏళ్ల తరబడి 90 చదరపు అంగుళాల రాకెట్‌తో ఆడిన ఆయన, 2013 జులైలో హాంబర్గ్, గ్ష్టాడ్ టోర్నీల్లో 98 చదరపు అంగుళాల నమూనాతో దిగి, రెండు చోట్లా తనకంటే ఎంతో కింది ర్యాంకు వారి చేతిలో ఓడారు. అప్పుడే నడుము నొప్పి కూడా ఉంది. తప్పు నడుముదో రాకెట్‌దో తేల్చడం ఎవరికైనా కష్టమే. ఆ ఏడాది యూఎస్ ఓపెన్‌కు పాత రాకెట్‌తోనే వెళ్లి, 2014లో పెద్ద హెడ్‌కు మారాక మళ్లీ 90 జోలికి పోలేదు. తర్వాత ఆయన పేరుతో అమ్మకానికి వచ్చినది 97 చదరపు అంగుళాలది.

పిల్లల సంగతి వేరు. స్కూలు యూనిఫాం కొన్నట్టు "పెరుగుతాడులే" అని పదేళ్ల వాడికి 27 అంగుళాల రాకెట్ కొనకండి. ఎత్తును బట్టి 25, 26 అంగుళాలవి ఉన్నాయి. కోచ్‌ను అడిగి, అకాడమీలో ఉన్నవాటితో ఒక వారం ఆడనిచ్చి కొనండి.

కొనేటప్పుడు

ఆడి చూసిన రాకెట్ ఏ సంవత్సరపు వెర్షనో అదే అడగండి. కంపెనీలు రెండు మూడేళ్లకొకసారి మార్పులు చేసి, పేరు అలాగే ఉంచుతాయి. నచ్చింది పాత వెర్షనైతే మీ అదృష్టం, దాని ధర తగ్గి ఉండవచ్చు. దొరికితే గట్టింగ్ లేని ఫ్రేమే తీసుకుని, పరీక్షలో వాడిన గట్, అదే బిగువు, అదే మనిషి దగ్గర వేయించండి. ఆన్‌లైన్‌లో అయితే గట్టింగ్ వేయకముందే కవరు విప్పి ఫ్రేమును వేలితో తడుముతూ చూడండి. గట్టింగ్ వేశాక వెనక్కి తీసుకోమంటే ఒప్పుకోవడం కష్టం.

ఎవరైనా వాడినదాన్ని కొంటుంటే తల పైభాగంలో, పిడి మొదలయ్యే చీలిక దగ్గర వెంట్రుకంత పగుళ్లు వెతకండి. రంగు మీద గీత గోరుకు తగలదు, పగులు తగులుతుంది. గట్ దూరే ప్లాస్టిక్ బొడిపెలు విరిగి ఉంటే ధర తగ్గించి అడగండి, అవి మార్చుకోవచ్చు.

కొత్తది చేతికి రాగానే కాటా మీద పెట్టి, స్కేలు అంచు మీద నిలిపి, మీ నోటు పుస్తకంలోని అంకెలతో సరిచూడండి. ఒకే మోడల్ రెండు రాకెట్ల మధ్య ఐదారు గ్రాముల తేడా మామూలే. తేలికగా వస్తే సీసం టేపు అతికించి సరిచేయవచ్చు. తల కొనన అతికించిన మూడు గ్రాములు కూడా ఊపులో స్పష్టంగా తెలుస్తాయి కనుక, ఒక్కొక్క గ్రామే పెంచుకుంటూ పోండి. బరువుగా వచ్చినదాన్ని తగ్గించే దారి లేదు కాబట్టి, తేడా పది గ్రాములు దాటితే గట్టింగ్ వేయించకుండానే మార్చి ఇమ్మని అడగండి.

అడిగి తెచ్చుకున్న రాకెట్‌ను తిరిగి ఇచ్చేటప్పుడు మీ చెమట పట్టిన ఓవర్‌గ్రిప్ విప్పి కొత్తది చుట్టి, మీరు వేయించిన గట్ ఏదో, ఎన్ని పౌండ్లో, ఏ తేదీన వేయించారో చిన్న చీటీ మీద రాసి కవరులో పెట్టి ఇవ్వండి. మీ రాకెట్ కవరులోనూ అలాంటి చీటీ ఒకటి ఉంచుకోండి. రేపు మీ దగ్గరికి ఎవరైనా ఆడి చూస్తామని వస్తే, మొదట అడిగేది అదే.